కొలత గిన్నెతో ఒడిబియ్యానికి

నల్లగొండ నుంచి నారాయణపేటకు నేరుగా పోయే బస్సు ఉందని కొందరంటారు. నాకైతే ఎన్నడూ దొరకలేదు. అందుకే ఎప్పటిలాగే దేవరకొండ, కల్వకుర్తి, మహబూబ్‌నగర్ మీదుగా బస్సులు మారుతూ పోదామని శనివారం పొద్దున ఆరింటికే బస్టాండులో నిలబడ్డాను. ఒక సంచిలో బట్టలు, ఇంకో సంచిలో తిండి. రెండో సంచే బరువు.

ఆ తిండి సంగతి ముందే చెప్పాలి. నేను ఒక ప్రైవేటు బడిలో టీచర్ని. నా తరగతి రెండో అంతస్తులో. నేను మెట్లెక్కుతుంటే మోకాళ్ల చప్పుడు విని పిల్లలు అల్లరి ఆపేసేవాళ్లు. క్రమశిక్షణకు అది బాగానే పనికొచ్చింది కానీ నాకు ప్రాణం పోయేది. డాక్టరు బరువు తగ్గమన్నాడు. ఫోన్లోనే పాఠాలు చెప్పే ఒక డైట్ మేడం దగ్గర చేరి, ఎండలు మొదలైనప్పటి నుంచి వానలు వెనకపట్టు పట్టేదాకా అన్నం మొహం చూడలేదు. పద్నాలుగు కిలోలు తగ్గాను. మోకాళ్లు నోరు మూసుకున్నాయి.

అసలు కష్టం తగ్గాకే మొదలైంది. "ఇక మెల్లగా మామూలు తిండికి వచ్చేయండి" అంది మేడం. మామూలు తిండి అంటే ఎంతో నేను మరిచేపోయాను. మధ్యాహ్నం ఒక చిన్న స్టీలు గిన్నెడు అన్నం, రాత్రికి ఒక రొట్టె, ఆ తర్వాత వారం వారం కాస్త పెంచుకుంటూ పోవాలని ఆమే కొలత చెప్పింది. నేను పెంచలేదు. ఇదివరకోసారి ఇలాగే తగ్గి, సంబరంగా తినడం మొదలుపెట్టి, బతుకమ్మకు పోయిన బరువంతా ఉగాదికల్లా తిరిగి తెచ్చుకున్నదాన్ని. ఈసారి మళ్లీ అదే జరిగితే మోకాళ్లకు ఆపరేషనే. అందుకని గిన్నె దాటి ఒక్క మెతుకు తినాలన్నా గుండె దడ. పెళ్లిళ్లకు కూడా ఆ గిన్నెను బ్యాగులో వేసుకునే పోతాను.

అలాంటి నన్ను నారాయణపేటలో చీరలు నేసే తమ్ముడు అంజి ఒడిబియ్యానికి రమ్మన్నాడు. తెలియనివారి కోసం చెబుతున్నా: పెళ్లయిన ఆడబిడ్డను పుట్టింటివాళ్లు పిలిచి, కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒళ్లో పోసి సాగనంపుతారు. ఆ బియ్యం ఇంటికి తెచ్చి వండి, నలుగురికి పెట్టి, తానూ తినాలి. మావాళ్లు మూడో ఏడో, ఐదో ఏడో పోస్తారు. నాకు కిందటేడే, తమ్ముడు కొత్తిల్లు కట్టుకున్నప్పుడు పోశారు. మళ్లీ ఇప్పుడెందుకురా అంటే, "ఊకె అడుగకు అక్కా, నువ్వైతే రా" అని ఫోన్ పెట్టేశాడు. అన్నానికి భయపడి బతుకుతున్నదాని ఒళ్లో బియ్యం పోస్తారట.

బస్సు ఊరు దాటకముందే కండక్టర్ వచ్చాడు. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ కదా, చూపించాను. ఆయన కార్డును చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ కార్డును చూశాడు.

"గిది ఎవరిది మేడం?"

"నాదే."

"గీమె మంచిగ బొద్దుగున్నది. మీ అక్కది తెచ్చిన్రేమో, జర చూసుకోండ్రి."

సన్నబడ్డానని చెప్పాను. "బీమారా?" అని గొంతు తగ్గించాడు. కాదు, కావాలనే అన్నాను. అది ఆయనకు మరీ అనుమానంగా తోచింది. పేరు, పుట్టిన తేదీ, ఇంటి నంబరు అడిగి, అన్నిటికీ జవాబు చెప్పాక మిషన్లోంచి టికెట్ తీసిచ్చాడు.

"ఫొటో మార్పియ్యుండ్రి మేడం. అందరు కండక్టర్లు నా లెక్క ఉండరు."

నిజానికి మార్పించుకోవాలని నాకూ తెలుసు. మళ్లీ లావైతే మళ్లీ మార్పించాలి కదా, ఎందుకొచ్చిన తిప్పలు అని ఊరుకున్నాను.

దేవరకొండలో బస్సు మారాను. కల్వకుర్తి బస్సులో కిటికీ సీటు దొరికింది. పక్కన ఒకామె కూర్చుంది. వాళ్లది గొర్లు కాసుకునే కుటుంబమట, కల్వకుర్తిలో బిడ్డ కాన్పయితే చూడబోతోంది. నేను డబ్బా తెరిచి ఉడకబెట్టిన గుడ్లు తీసి, పచ్చసొన మూతలోకి తోసి, తెల్లది తినడం మొదలుపెట్టాను. ఆమె కాసేపు ఓర్చుకుంది.

"పచ్చది ఏం తప్పు చేసిందమ్మా?" అంది చివరికి.

"నాకు పడదు. మీరు తింటారా?"

"తినక? పారేస్తవా ఏంది?" అని మూత అందుకుంది. అలా ఇద్దరం ఒకే డబ్బాలో తెల్లది ఒకరు, పచ్చది ఒకరు తింటూ కల్వకుర్తి చేరాం. నా కీరదోస ముక్కలు కూడా ఇవ్వబోయాను. "అద్దు, గడ్డి లెక్కున్నది" అని మొహమాటం లేకుండా చెప్పేసి దిగిపోయింది.

జడ్చర్ల బస్టాండు బయట సీతాఫలాల బుట్టలు వరసగా పెట్టి ఉన్నాయి. ఈ కాలంలో ఆ దారిన పోయేవాళ్లు తప్పక దిగి కొనండి, కళ్లు బాగా విచ్చుకున్నవే ఏరుకోండి. నేను తమ్ముడింటికని ఒక బుట్ట కొన్నాను. మహబూబ్‌నగర్ దాకా ఒళ్లో పెట్టుకుని వాసన మాత్రం చూశాను.

మహబూబ్‌నగర్ చేరేసరికి పన్నెండున్నర. బస్టాండు దగ్గర ఒక మెస్సులో కూర్చుని ప్లేటు భోజనం చెప్పి, అన్నం ఈ గిన్నెలో పెట్టమని నా గిన్నె ఇచ్చాను. వడ్డించే పెద్దాయన గిన్నెను అటూ ఇటూ తిప్పి చూసి, బల్ల కిందకు వంగాడు.

"పాప యాడున్నది మేడం?"

పాప లేదు, నాకే అని చెప్పడానికి సిగ్గేసి, వస్తుందన్నాను. ఆయన గిన్నెలో మెత్తగా పప్పు కలిపి, నెయ్యి వేసి, "కారం తగలనియ్యలే" అని ప్రేమగా పెట్టి పోయాడు. నాకు మాత్రం విస్తరి నిండా విడిగా వడ్డించాడు. పాప అన్నం నేను తిన్నాను. నా అన్నం అలాగే వదిలేసి, ఆయన అటు తిరిగినప్పుడు గల్లాపెట్టె దగ్గర పైసలిచ్చి బయటపడ్డాను.

దేవరకద్ర, మరికల్ దాటుకుని నారాయణపేటలో దిగేసరికి నాలుగైంది. మా వీధి మలుపు తిరగగానే వినిపించాల్సిన మగ్గం చప్పుడు ఆ రోజు లేదు. పని దినాన అంజి మగ్గం దిగడమంటే ఇంట్లో ఏదో జరిగినట్టే. నేను గడపలో కాలు పెట్టగానే మా మరదలు సుజాత నా చేతిలో సంచులు లాక్కుని, భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. మా మేనత్త ఈశ్వరమ్మ మంచం మీంచి లేచొచ్చి నా చెంపలు తడిమింది.

"ముఖమంత లోపలికి పోయె బిడ్డా. ఎన్నాళ్ల సంది?"

"మార్చి నుంచి అత్తా" అన్నాను, డైటు గురించనుకుని.

అత్త, సుజాత, లోపలి నుంచి వచ్చిన అంజి ముగ్గురూ ముఖాలు చూసుకున్నారు. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, వెనక దిండ్లు పేర్చారు. వేడినీళ్లు వచ్చాయి. తర్వాత ఒక పెద్ద గ్లాసులో మేక కాళ్ల చారు వచ్చింది. అది చూశాక నాకు వెలిగింది. ఇలాంటి చారు మా ఇంట్లో బాలింతలకు పెడతారు, లేదా మంచం పట్టినవాళ్లకు. నేను బాలింతను కాను.

సుజాతను వంటింట్లో నిలదీస్తే చెప్పింది. పోయిన నెల ఒక పెళ్లిలో మా పెద్దమ్మ కూతురు నన్ను చూసిందట. బక్కచిక్కి ఉన్నానని, బ్యాగులోంచి చిన్న గిన్నె తీసి అన్నం కొలిపించుకున్నానని, పేగులకేదో పెద్ద రోగమొచ్చి దాస్తున్నానని ఊళ్లో చెప్పింది. "మూడో ఏటి దాక ఎట్లుంటదో ఏమో అని గీ ఏడే పోద్దామన్నడు వదినె, మీ తమ్ముడు" అంది సుజాత, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. డైట్ అని, మోకాళ్లని ఎంత చెప్పినా, "అట్లనే వదినె, అట్లనే" అని తలూపింది. ఆ సాయంత్రం నేను ఒక్క రొట్టెతో లేచేసరికి నా మాట ఎవరూ నమ్మలేదు.

ఆదివారం పొద్దున ఒడిబియ్యం. తమ్ముడు తన చేత్తో నేసిన చీర పెట్టాడు, ముదురాకుపచ్చకు ఎర్రంచు. పీట మీద తూర్పు ముఖంగా కూర్చున్నాను. ఈశ్వరమ్మత్త, సుజాత, వాడకట్టు ముత్తైదువలు దోసిళ్లతో బియ్యం పోశారు. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు పడ్డాయి. మామూలుగా ఇలాంటప్పుడు నవ్వులు, ఎకసెక్కాలు ఉంటాయి. ఆ రోజు అందరూ దవాఖానాకు పలకరించడానికి వచ్చినట్టు మెల్లగా మాట్లాడారు. ఒకామె నా చెవిలో తెలిసిన డాక్టరున్నాడని కూడా చెప్పింది. ఒళ్లో బియ్యం బరువు పెరుగుతుంటే, మడిచిన మోకాళ్లు ఒక్క చప్పుడూ చేయలేదు. అది చూసి మురిసినదాన్ని నేనొక్కదాన్నే.

భోజనాలకు అందరం వరసగా కూర్చున్నాం. జొన్నరొట్టెలు, మటన్ కూర, అన్నం, పచ్చిపులుసు, నెయ్యి కారే భక్ష్యాలు, అదే బొబ్బట్లు. అంజి నా ఎదురుగా కూర్చుని, నేను మొదలుపెడితే తాను తినాలని చూస్తున్నాడు. నా చెయ్యి దానంతటదే బ్యాగులోకి పోయి గిన్నె తీసింది. అంజి విస్తరి ముందు నుంచి లేచి, మగ్గం గదిలోకి పోయాడు.

నేనూ వెనకే పోయాను. మగ్గం గుంటలో కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాడు.

"నాయిన గూడ గిట్లనే చేసిండు" అన్నాడు నన్ను చూడకుండా. "ఏం లేదు బిడ్డా, ఏం లేదు అనుకుంట సగం ముద్ద తిని లేస్తుండె. మనకు తెలిసేటాళ్లకు ఏం మిగల్లె. నువ్వు గూడ దాస్తే ఎట్లక్కా?"

నాయిన చివరి నెలల్లో విస్తరిలో అన్నం ఎలా కెలికేవాడో నాకూ గుర్తుంది. నా గిన్నె వీడికి దాన్నే చూపించిందని అప్పుడు అర్థమైంది. పక్కన కూర్చుని మొదటి నుంచీ చెప్పాను: మోకాళ్లు, మెట్లు, మేడం, ఫీజు.

"పైసలు గట్టి ఉపాసమున్నవా?" అన్నాడు.

"ఉన్న."

"తగ్గినవ్ గద. మరి ఇప్పుడెందుకు తినవ్?"

"భయమురా. తింటే మళ్ల అంత వెనుకకొస్తదని భయం" అన్నాను. ఆ మాట మేడంకు కూడా అంత సూటిగా చెప్పలేదు.

అంజి నమ్మాడో లేదో తెలియదు. నేను గిన్నెను మగ్గం పలక మీద పెట్టేసి, వాడి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను.

తిన్నాను. మొదటి రొట్టె భయంతోనే తిన్నాను, ఎవరో పక్కన కూర్చుని లెక్కపెడుతున్నట్టే అనిపించింది. రెండోది కూరలో ముంచేసరికి లెక్క తప్పింది. అన్నంలో పచ్చిపులుసు పోసుకుని జుర్రాను. భక్ష్యం తుంచితే నెయ్యి మణికట్టు దాకా కారింది. ఆపలేనేమో, విస్తరి కూడా నమిలేస్తానేమో అని ఇన్నాళ్లూ హడలిపోయాను. సుజాత ఇంకో భక్ష్యం తెచ్చేసరికి నా చెయ్యి విస్తరికి అడ్డం పోయింది.

"చాలు సుజాతా. నిండింది."

మర్యాదకన్నది కాదు, మేడం నేర్పిందీ కాదు. నిజంగానే నిండింది. కడుపు తనంతట తానే చెప్పింది. ఇన్ని నెలలుగా దాన్ని అడగాలని నాకు తోచనేలేదు. అంజి నా ముఖం కాసేపు చూసి, "గది నాకెయ్యి" అని విస్తరి జరిపాడు. ఆ తర్వాత వాడు తిన్న తిండి చెబితే దిష్టి తగులుతుంది.

"రోగమున్నోళ్లు గిట్ల తినరు" అని ఈశ్వరమ్మత్త తీర్పు చెప్పింది. అప్పటికి గానీ ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా నవ్వలేదు. తర్వాత అత్త నా పక్కకు జరిగి, "గా మేడం నంబరియ్యి బిడ్డా, నా మోకాళ్లు గూడ మస్తు గుంజుతున్నయి" అంది. చేతిలో రెండో భక్ష్యం ఉంది.

సోమవారం పొద్దున బయల్దేరాను. ఒడిబియ్యం మూట ఒళ్లోంచి కింద పెట్టబుద్ధి కాలేదు. మహబూబ్‌నగర్‌లో అదే మెస్సులో విస్తరిలోనే తిన్నాను. పెద్దాయన పాప ఏదని అడిగాడు, పెద్దదయిందన్నాను. అంతకుముందే, మరికల్ దాటుతుండగా సుజాత ఫోన్ చేసింది, గిన్నె మగ్గం మీద మర్చిపోయానని. ఉండనీ, పసుపు వేసుకో అన్నాను.

దేవరకొండలో ఎక్కిన బస్సులో మొన్నటి కండక్టరే. కార్డు చూసి గుర్తుపట్టి నవ్వాడు.

"ఇంక మార్పియ్యలేదా మేడం ఫొటో?"

"మార్పిస్త. శుక్రవారం గీ ఒడిబియ్యం వండుకోని తిని, శనివారం పోయి దిగుత."

ఆయన మూట కేసి చూసి, దాని బరువు అంచనా వేసి, టికెట్ ఇచ్చాడు.

"గన్ని బియ్యం తిన్నంక మార్పియ్యుడు దేనికి మేడం? పాతదే సరిపోతది."

మొన్నయితే ఆ మాటకు నల్లగొండ దాకా నిద్ర పట్టేది కాదు. ఈ రోజు బస్సంతా వినేలా నవ్వాను. భయం మొత్తం పోయిందని చెప్పను, కొంచెం మూటతో పాటే ఒళ్లో కూర్చుని వస్తోంది. కానీ ఫొటో దిగేది మాత్రం ఖాయం, అదీ తిన్నాకే.