కుండీలో పూసిన బతుకమ్మ

మా అత్తమ్మది వరంగల్ పక్క. నేను ఏటా ఈ దేశంకాని దేశంలో, మా యీషున్ ఫ్లాట్‌లో బంతులూ చామంతులూ పేర్చి బతుకమ్మ చేస్తే, వీడియో కాల్‌లో చూసి ఒకటే మాట అనేది: తంగేడు లేనిది అదేం బతుకమ్మ? తంగేడు ఇక్కడెక్కడ దొరుకుతుంది, నా తలకాయ! వచ్చే పండుగకు తానే వస్తున్నానని చెప్పేసరికి నాకు పంతం పుట్టింది. పసుపుపచ్చ పువ్వొకటి నా చేత్తో పెంచి ఆమె నోరు మూయించాలి.

తంగేడు విత్తనం వేస్తే మొలవలేదు. అప్పుడు దొరికింది గోల్డెన్‌రాడ్. అమెరికాలో చేలగట్ల మీద దానంతటదే పెరిగి, ఏటేటా పాత వేరునుంచే లేచి, పసుపు గుత్తులు పూస్తుందట. విత్తనాలు తెప్పించి కారిడార్‌లో కుండీలో వేశాను. నడుమెత్తు పెరిగింది. ఆకులే ఆకులు, పువ్వు పూస్తే ఒట్టు. బియ్యం కడిగిన నీళ్ళు పోశాను, తిట్లూ పోశాను.

పక్క ఫ్లాట్ చైనీస్ ఆంటీ చూసి చూసి చివరికి చెప్పింది. ఇది రాత్రి పొడుగైతేనే పూసే రకం, కారిడార్ లైట్లు తెల్లవార్లూ వెలుగుతుంటే దానికి చీకటి పడినట్టెలా తెలుస్తుంది, కప్పి పడుకోబెట్టు, అని. ఆ రోజునుంచి పొద్దుగూకగానే నల్లగుడ్డ కప్పాను. నా కూతుర్ని కూడా ఏనాడూ అంత వేళకు పడుకోబెట్టలేదు.

అత్తమ్మ దిగేసరికి మొగ్గలు వచ్చాయి. ఇది తంగేడా, అని మూతి విరిచింది. కానీ నేను ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చిన రోజు చూస్తే గుడ్డ కప్పి ఉంది. ఆ తర్వాత నేను కప్పబోతే, నీకు సరిగ్గా రాదని పక్కకు నెట్టింది.

పండుగ చివరిరోజు, సద్దుల బతుకమ్మ పొద్దున, మొక్కంతా పసుపు. కత్తెరతో వెళితే అత్తమ్మ కుండీకి అడ్డంగా కూర్చుంది. ఇన్నాళ్ళు సాదినదాన్ని కొయ్యడానికి చేతులెట్లా వస్తాయని నన్నే తిట్టింది. ఆమె నోరు మూయిద్దామనుకున్న నేనే కత్తెర లోపల పెట్టేసి వచ్చాను.

సాయంత్రం కుండీనే లిఫ్టులో బ్లాకు కిందికి దించాం. చుట్టూ బంతులు పేర్చి, మట్టి మీద పసుపు గౌరమ్మను నిలిపి, చప్పట్లు కొడుతూ ఆడాం. ఆంటీ కూడా వచ్చి నాకన్నా బాగా అడుగు వేసింది. ఆట అయ్యాక గుర్తొచ్చింది. బతుకమ్మను నీళ్ళలో వదలాలి కదా, వేరున్నదాన్ని ఎట్లా ముంచేది?

అత్తమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి కుండీలో పోసింది.

"బతుకమ్మ నీళ్లకాడికి పోవుడు ఎప్పుడూ ఉన్నదే. ఈసారి నీళ్లే బతుకమ్మకాడికి వచ్చినయనుకో. మల్ల యేడు మల్ల పూసేదాన్ని ముంచుడెందుకు బిడ్డా? పొద్దుగూకి చానసేపాయె, పైకి తీస్కపోయి గుడ్డ కప్పు."