సాంచలు లేని కొండ

ఇప్పటికీ ఎక్కడైనా కాఫీ గింజలు వేగుతున్న వాసన వస్తే, నా చెవులు ముందు మరమగ్గాల చప్పుడు కోసం వెతుకుతాయి.

సోలాపూర్ దాజీ పేట్‌లో మా గల్లీ అంతా ఆ మగ్గాలే. సాంచలు అనేవాళ్లం. పట్టపగలు అవన్నీ ఒక్కసారి ఆగాయంటే గల్లీలో ఎవరో పోయినట్టు. శవం లేచేదాకా ఎవరూ మళ్లీ నడిపేవారు కాదు.

నూలు దుమ్ముకు నాయినకు దగ్గు పట్టింది. పది రోజులు కొండగాలికి తీసుకుపొమ్మని డాక్టర్ చెప్పాడు. చిక్కమగళూరు దగ్గర కాఫీతోటలో మా మేనమామ పనిచేసేవాడు. ఎండాకాలం సెలవుల్లో అక్కడికి వెళ్లాం. నాకప్పుడు ఏడేళ్లు. పొద్దున లేచేసరికి ఇంట్లో కాఫీ గింజలు వేగుతున్న వాసన, బయట తోటంతా తెల్లటి పూలు. ఎక్కడా చప్పుడు లేదు. నేను ఏడుపు అందుకున్నాను.

"ఎవలు సచ్చిపోయిండ్రు నాయినా?"

నాయిన నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. "ఎవలు పోలే బిడ్డా. ఈడ సాంచలే లేవు, బస్."

నేను నమ్మలేదు. ఇంటికి పోదామని అన్నం ముట్టలేదు.

"ఈడ నాయినకు దగ్గు తక్కువైతాంది, జర ఆగు బిడ్డా" అని అమ్మ బతిమాలింది.

"పోరి బుగులువడ్డది, పోదాం తియ్" అన్నాడు నాయిన. మూడో రోజే వచ్చేశాం.

ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం బడి నుంచి వస్తుంటే, గల్లీ మొదట్లోనే ఆ కొండమీది నిశ్శబ్దం ఎదురైంది. ఎవలు పోలే, ఈడ సాంచలే లేవు అనుకుంటూ నడిచాను. మా వాకిట్లో జనం కనిపించాక కూడా అదే అనుకుంటూ నడిచాను.