ఇళ్లను తిట్టే మేస్త్రి

"ఇక్కడ వేలితో కొట్టండి. ఆ, అక్కడే. ఏం వినిపించింది?"

"ఏమీ వినిపించలేదండీ."

"ఇంకాస్త కిందకి?"

"అక్కడా ఏం లేదు."

"చూశారా," అంటూ మేస్త్రి నీరసంగా మెట్టు మీద కూలబడ్డాడు. "ఒక్కచోట కూడా డొల్ల లేదు. అదీ నా ఖర్మ."

గోడ గట్టిగా ఉందని దిగులుపడే మనిషిని నేను చూడటం అదే మొదలు.

ఆయన ముప్పయ్యేళ్లుగా తాపీ పని చేస్తున్నాడు. అయితే మా వీధుల్లో ఆయనకు పేరొచ్చింది గోడలు కట్టి కాదు, తిట్టి. ఎవరు ఇల్లు కొనాలన్నా, చెప్పిన ధరకు అది తగునో తగదో తేల్చడానికి ఆయన్ని వెంటబెట్టుకుని వెళతారు. గేటు దగ్గరే ఆగి ఒక నిట్టూర్పు విడుస్తాడు. అమ్మేవాడికి సగం ప్రాణం అక్కడే పోతుంది. లోపలికెళ్లి గోడల్ని తడతాడు. గచ్చు మీద గ్లాసుడు నీళ్లు పోసి పక్కన గొంతుక్కూర్చుంటాడు. ఆ నీళ్లు ఎటు పోతాయా అని ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి చూస్తారు. "వానొస్తే నీళ్లు లోపలుంటాయి, మీరు బయటుంటారు," అంటాడు శాంతంగా. ఒకసారి ఒక మేడను ఎంత శ్రద్ధగా తిట్టాడంటే, అమ్మేవాడికే భయం పుట్టి, సాయంత్రానికల్లా పెళ్లాం పిల్లల్ని తీసుకుని తోడల్లుడింటికి వెళ్లిపోయాడట. ఇంత పనికీ ఆయన పుచ్చుకునేది ఒక టీ. ధర బాగా తగ్గితే రెండు.

అలాంటి మనిషికి ఇప్పుడు సొంతానికి ఒక ఇంటిని తిట్టాల్సి వచ్చింది. నోరు పెగలడం లేదు.

ఆ ఇల్లు ఆయన ఇరవై రెండేళ్లుగా అద్దెకుంటున్నదే. రెండు గదులు, వంటిల్లు, వెనక చిన్న దొడ్డి. ముందు గదిలో ఆయన భార్య కుట్టుమిషను. ఆవిడ ఖాతాదార్లందరికీ ఆ గుమ్మమే గుర్తు. ఇంటాయన టైపు నేర్పి రిటైరైన మాస్టారు. ఇల్లు అమ్మేస్తానన్నాడు. ముందు మీకే చెబుతున్నానన్నాడు. ఆపైన ఒక ధర చెప్పాడు. అదే గోడకు అటువైపున్న జంట ఇల్లు, అదే ఏడు కట్టింది, అంతే కొలత, మొన్ననే అమ్ముడైంది. దానికంటే ఇది ఆరు లక్షలు ఎక్కువ.

"ఎందుకండీ మాస్టారూ ఎక్కువ అంటే, ఆ ఇల్లు కారుతుందయ్యా, ఇది కారదు అన్నాడు. ఎందుకు కారదండీ? పైన నేను పూత వేశాను కాబట్టి. వంటింట్లో చెమ్మెందుకు లేదు? గోడ మొత్తం చెక్కి మళ్లీ పూశాను కాబట్టి. కుళాయి దగ్గర్నుంచి తూము దాకా ఏం పాడైందని చెప్పినా ఆయన ఒకటే మాట, 'నీ ఇల్లే అనుకో మేస్త్రీ' అని. అనుకున్నాను. ఇప్పుడదే గుర్తు చేశాను."

"ఏమన్నారు?"

"అనుకోడానికి డబ్బులు అడగలేదు కదయ్యా, అన్నాడు."

లోపల మిషను చప్పుడు ఆగింది. "అది కూడా చెప్పు, నేను నిన్ను రెండు రోజులు కూర్చోబెట్టి నేర్పిన సంగతి," అంది ఆయన భార్య.

నేర్పిందట. ఊళ్లో ఇళ్లన్నిటినీ ఏకిపారేసే మనిషికి తిట్టడం నేర్పాల్సి వచ్చింది పాపం ఆవిడకి. ప్రతి గోడ ముందూ నిలబెట్టి, "చెప్పు, దీనికేం రోగం?" అనేదట. "దీనికేం రోగం లేదే" అని ఆయన. "ఉన్నట్టు చెప్పవయ్యా." "ఉంటే చెప్పనా?" అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు. ఈయన మాత్రం కొనబోతూ కొరివిని చేత్తో నిమురుతున్నాడని ఆవిడ బాధ.

చివరికి తన తమ్ముణ్ణి పిలిపించింది. బస్సు కండక్టరు, గొంతు పెద్దది. గోడ కనిపిస్తే నిట్టూర్చు, గచ్చు కనిపిస్తే తల అడ్డంగా ఊపు, అంతకు మించి ఏమీ తెలియక్కర్లేదని చెప్పింది. మాస్టారు వచ్చాడు. కండక్టరు వంటింటి గోడ మీద ఒకటి కొట్టి, "డొల్ల సార్ ఇది," అన్నాడు.

"ఇంకోసారి కొట్టు," అన్నాడు వెనకనుంచి మేస్త్రి.

"బావా, నువ్వుండు."

"ఉండేదేంట్రా, డొల్లంటే ఏంటో తెలుసా నీకు?"

"బావా, నేనొచ్చింది మీ తరపునే."

"ఎవరి తరపునొస్తే ఏంటి, గోడ మీద అబద్ధం చెబుతావా? మూడు పూతలు వేశాను. పది రోజులు తడిపాను. తెలుసా?"

అక్కడితో ఆగినా బాగుండేది. మేస్త్రి సుత్తి తెచ్చి ఆ గోడను నాలుగు బాదాడు. ఇసుక రేణువు కూడా రాలలేదు. "ఏదీ, ఎక్కడుందిరా డొల్ల?" అని ఆయన బావమరిదిని నిలదీస్తుంటే, మాస్టారు అరచేత్తో గోడను మెల్లగా తడిమి చూసుకున్నాడట. మర్నాడు ధర ఇంకో లక్ష పెరిగింది.

"కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు. మా కాకి తన పిల్లని వేలం వేయించింది," అంది ఆవిడ లోపలినుంచి.

మేస్త్రి ఆ మాట విననట్టు గడ్డం గోక్కున్నాడు. తర్వాత గొంతు తగ్గించి ఇంకో సంగతి చెప్పాడు. మొన్న మధ్యాహ్నం ఆవిడ బజారుకెళ్లినప్పుడు, పోనీ ఒక్క లోపమైనా పెడదామని స్నానాలగదిలో ఒక బండ పీకబోయాడట. గంటసేపు రాలేదు. ఎలాగో ఊడొచ్చాక చూస్తే, అడుగున వేసిన సిమెంటు మాలు ఒక మూల సరిగ్గా అంటలేదు. పన్నెండేళ్ల కిందట తను వేసిన బండే, అప్పట్నుంచీ అలాగే ఉందన్నమాట. ప్రాణం ఒప్పలేదు. శుభ్రం చేసి, కొత్త మాలు కలిపి, రసమట్టం పెట్టి మళ్లీ వేసేశాడు.

"అంటే ఇప్పుడింకా బాగైందా?"

"బాగైంది," అని ఒప్పుకున్నాడు, దొంగతనం ఒప్పుకున్నట్టు.

అన్ని ఇళ్లనీ అంత తేలిగ్గా తిట్టే మీరు దీన్నెందుకు తిట్టలేకపోతున్నారని అడిగాను. ఆయన తాపీ పట్టి పట్టి కాయలు కాచిన అరచేతిని మోకాలి మీద రుద్దుకున్నాడు.

"నేను కట్టిన ప్రతి ఇంటికీ వెనక ఎవడో ఒకడు నిలబడి తొందరపెట్టాడు. గృహప్రవేశమని ఒకడు, సిమెంటు ఎక్కువవుతోందని ఒకడు. ఇక్కడ నన్ను ఎవరూ అడగలేదు. ఆదివారాలు చేసుకున్నాను. పూత ఆరేదాకా కూర్చుని చూసేవాణ్ణి. తొందర లేకుండా నేను చేసిన పని ఇదొక్కటేనండీ. దీన్ని పట్టుకుని పాడు కొంప అంటే, ఇక నేను చేసిందేముంది?"

మిషను మళ్లీ ఆడలేదు. ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూది. సూది తీసి జాకెట్టుకు గుచ్చుకుని నాతో చెప్పింది. రేపు పదింటికి మాస్టారు ఆఖరిసారి వస్తున్నాడు. రేపు తేలకపోతే సందు చివర ఇనుప సామాన్ల కొట్టాయన కొనేసి గోడౌను చేసుకుంటాడు. ఈసారి తనే మాట్లాడుతుంది. ఆ పైన వేసిన ఏడు లక్షలూ దింపకుండా మాస్టార్ని గడప దాటనివ్వదు.

"నిజంగా అంత విలువ ఉందా లేదా, అది చెప్పండి మేస్త్రిగారూ," అన్నాను.

"ఉంది," అన్నాడు వెంటనే. "అడిగినదానికి ఇంకో లక్ష పెట్టొచ్చు."

"విన్నారుగా," అంది ఆవిడ. "ఈ మనిషి రేపు ఇంట్లో ఉంటే నేను ఏం బేరమాడను?"

మేస్త్రి తల వంచుకున్నాడు. నన్ను గేటుదాకా సాగనంపడానికి లేచాడు. గేటు గడియ తీస్తూ, ఆవిడకు వినబడకుండా అడిగాడు.

"ఒక్క సాయం చేయండి. తొమ్మిదిన్నరకే వచ్చి నన్ను తీసుకుపోండి. ఊరికే టీకి అంటే ఆగలేను, మధ్యలో లేచొచ్చేస్తాను. అమ్మకానికున్న ఇల్లేదైనా ఈ సాయంత్రమే వెతికిపెట్టండి. బాగా కారాలి. గోడలు పగిలుండాలి. రెండు గంటలైనా తిట్టగలిగేంత వెధవ కొంప కావాలి నాకు."