ఇస్స్ అనే అత్త

పేను దొరికితే చాలు, దాన్ని బొటనవేళ్ల గోళ్ల మధ్య నొక్కి "ఇస్స్" అనేది చోడవరంలో మా పక్కింటి అత్త. చచ్చేది పేనైనా నొప్పి తనకే అన్నట్టు.

తలలో పేలు పడ్డాయని అమ్మ నాకు గుండు చేయించేస్తానంటే అత్త ఊరుకోలేదు. "ఇంట్లో ఎలకలున్నాయని ఇంటికి నిప్పెట్టుకుంటామేటి వదినా? గుంటని నాకొగ్గీ, దాని తల నేన్సూసుకుంటాను."

రోజూ బడి నుంచి రాగానే నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి, కొబ్బరినూనె పట్టించి, పేల దువ్వెనతో దువ్వి, రెండు జడలేసి రిబ్బన్లు కట్టేది. కొన్నాళ్లకి దురద పోయింది. ఇస్స్‌లు మాత్రం ఆగలేదు. ఒకసారి చటుక్కున వెనక్కి తిరిగి చూశాను. గోళ్ల మధ్య ఏమీ లేదు.

"ఏటత్తా, పేనేదీ?"

"మీ అమ్మకి సెప్పకే. నాకిద్దరూ మగపిల్లలే. నీ పేలు పోతే నేనెవులికి జడలెయ్యాలే?"

అమ్మ లెక్కలో ఆ ఏడాదంతా నాకు పేలున్నాయి.