పాత ప్రాసెసర్ కోసం కుప్పం పోయిన రోజు

మా అమ్మాయి మదనపల్లెలో మా ఇంట్లోనే కూర్చుని బెంగళూరు కంపెనీకి పని చేస్తుంది. ఏం పని అని ఎవరైనా అడిగితే "కంప్యూటర్" అని ఊరుకునేదాన్ని. యాభై దాటాక నాకు చదవడం, రాయడం నేర్పింది ఆమే. ఆ తర్వాత ఆమె పనేమిటో కూడా ఆమె చేతే చెప్పించుకున్నాను.

ప్రాసెసర్ లోపల కొన్ని మీటర్లు ఉంటాయట. ఎంత పని జరిగింది, ఎక్కడ ఆలస్యమైంది అని అవి లెక్కపెడుతుంటాయి. వాటిని నడిపే భాగం కెర్నెల్‌లో ఉంటుంది. కంప్యూటర్‌లో మిగిలిన ప్రోగ్రాములన్నీ ఆ కెర్నెల్ మీదే నిలబడతాయి. దానికి ఎక్కడెక్కడి నుంచో మార్పులు మెయిల్‌లో వస్తాయి. ఆ మెయిళ్ళు ఎవరైనా చదువుకోవచ్చు. మా అమ్మాయి లాంటివాళ్ళు ఒక్కో లైనూ చూసి, బాగుంటే "చూశాను" అని కింద తమ పేరు పెడతారు. ఆ పేరు ఆ మార్పుతోనే ఉండిపోతుంది.

ఒక గురువారం ఆమె ఒక మార్పుకు అలా పేరు పెట్టింది. పంపింది వాళ్ళ కంపెనీలోని పెద్దాయన. ఆయన మాట మీదే ఈమెను పనిలోకి తీసుకున్నారు. కాంట్రాక్టు ఉద్యోగం. నెలాఖరుకు పొడిగించాలి, పొడిగించాల్సింది కూడా ఆయనే.

మరుసటి రోజు మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ ముద్ద పళ్ళెంలోనే వదిలేసింది.

"ఏమైంది పాపా? ఉప్పు ఎక్కువైందా?"

"లేదు మా. నిన్న సరిగా సూడలేదేమో నేను."

మీటరు నిండగానే గంట కొట్టినట్టు ఒక సంకేతం వస్తుందట. ముందు ఆ గంటను ఆపి, తర్వాత మీటరును మళ్ళీ నడపాలి. పెద్దాయన మార్పులో ముందు మీటరును నడిపి, తర్వాత గంటను ఆపుతున్నారు. కొత్త ప్రాసెసర్లలో దానివల్ల ఏమీ కాదు. పాతవాటిలో మాత్రం ఆ సందులో రెండో గంట కొడితే, మొదటిదాంతో పాటు అదీ తుడిచిపెట్టుకుపోతుంది. ఇక లెక్క ఆగిపోతుంది. ఆగినట్టు ఎవరికీ తెలియదు.

"ఆగిపోతాదని గట్టిగా తెలుసునా నీకు?"

"అదే తెలీదు. పాతదాని మీద నడిపి సూడల్ల. ఆఫీసులో అట్లాటివి ఎప్పుడో తీసేసినారు."

ఆదివారం సాయంత్రం ఆ విడత మార్పులన్నీ కెర్నెల్‌ను చూసుకునే పైవాళ్ళకు పోతాయి. ఆ తర్వాత ఎన్ని కంప్యూటర్లలోకి పోతాయో ఆమెకే తెలియదట. పాత ప్రాసెసర్ ఎక్కడుందో మాత్రం నాకు తెలుసు. ఆమె కాలేజీలో వాడిన కంప్యూటర్‌ను కుప్పంలో జెరాక్స్ షాపు పెట్టుకున్న మా చెల్లెలికి ఇచ్చాను. దాన్ని ఎవరినీ ముట్టనివ్వదు మా చెల్లెలు. నా మాటైతే కాదనదు. అందుకని శనివారం పొద్దున్నే నేనూ బస్సెక్కాను.

పుంగనూరు దాటేదాకా అమ్మాయి ఫోన్‌లో ఆ లైన్లనే కిందికీ పైకీ జరుపుతూ కూర్చుంది. నా మనసులో ఒకటే కోరిక: ఏ తప్పూ ఉండకూడదు, పెద్దాయనతో ఏ గొడవా రాకూడదు.

మేం పోయేసరికి షాపు ముందు జనం ఉన్నారు.

"జనాలుండే పూటే సూసుకొని వచ్చినావు గదక్కా! అది చెడిపోతే నా పొట్ట మీద కొట్టినట్టే" అంది చెల్లెలు.

"లోపల ఉండేదేదీ ముట్టను చిన్నమ్మా. నా పెన్‌డ్రైవ్‌లోంచే నడుపుతాను" అంది అమ్మాయి.

"ముట్టకుండా ఎట్ల నడుపుతావే? పొయ్యి ముట్టకుండా వంట చేస్తానంటాది సూడక్కా నీ కూతురు!"

ఆధార్ కార్డు పట్టుకుని నిలబడిన ఒకాయన, "ఏమ్మా, ఈ పొద్దు జెరాక్స్ లేదా?" అని అడిగాడు.

"ఉండాదప్పా, కూర్చో. కంప్యూటర్‌కు డాక్టరమ్మ వచ్చింది. ఈసీజీ తీస్తాండాది."

అందరూ నవ్వారు. అమ్మాయి నవ్వలేదు. ముందు మార్పు లేని కెర్నెల్‌ను నడిపింది. తెర మీద అంకె పెరుగుతూ పోయింది. తర్వాత మార్పు చేసినదాన్ని నడిపింది. దాన్లోనూ పెరుగుతూనే ఉంది. ఎంతసేపు చూసినా ఆగలేదు. నాకు ప్రాణం లేచి వచ్చింది. "బాగానే ఉండాది గదా, పోదాం పద" అన్నాను.

"ఉండు మా" అంది, తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

ఇంకాసేపటికి అంకె నిలబడిపోయింది. మౌసు కదులుతోంది, మిగిలినవన్నీ పని చేస్తున్నాయి, అంకె ఒక్కటే కదలడం లేదు. మళ్ళీ మొదటి నుంచి నడిపింది. మళ్ళీ అలాగే ఆగింది.

ఆమె అక్కడే లాప్‌టాప్ తెరిచి, అందరికీ పోయే మెయిల్ రాయడం మొదలుపెట్టింది. నేను చెయ్యి పట్టుకున్నాను.

"ముందు ఆయనకు ఫోన్ చెయ్యి పాపా. పెద్దోళ్ళ తప్పు పక్కకు పిలిచి చెప్పల్ల గానీ, నలుగురిలో చెప్తారా?"

"సూశాను అని నలుగురిలోనే గదమా చెప్పినాను."

"నీ ఉద్యోగం ఆయన చేతిలో ఉండాది."

"తెలుసు. ఫోన్ చేస్తే, ఈ విడతకు పోనీలే, తర్వాత సూద్దాం అంటాడు. ఆయన అంటే నేను కాదనలేను మా. అందుకే చెయ్యను."

అయినా ఆ చెయ్యి నాకు వదలబుద్ధి కాలేదు. ఆమే మెల్లగా విడిపించుకుంది. రాసింది నాకు తెలుగులో చెప్పింది: 'నేను సరిగా పరీక్షించకుండానే చూశాను అన్నాను. పాత ప్రాసెసర్‌లో లెక్క ఆగిపోతోంది. నా పేరు తీసేయండి.' చెప్పడం పూర్తవుతుండగానే పంపేసింది.

"అయిపోయిందా? లే, నా ఆధార్లు తీసుకోనీ" అంది చెల్లెలు.

తిరుగు బస్సులో ఆమె నిద్రపోయింది. ఫోన్ నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పుంగనూరు బస్టాండులో అది గుర్రుమంది. లేపాను.

"ఆయనే. మార్పు ఎనక్కి తీసుకుంటాండాడంట. పరీక్షలో ఏం వచ్చిందో అంతా పంపమన్నాడు."

"కోపంగా ఉండాడా?"

"ఒక్క లైను రాసినాడు మా. దాన్లో కోపం యాడ కనపడతాది?"

ఫోన్ తీసుకుని నేనూ చూశాను. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటాను. థాంక్స్ అనే మాటైతే నాకు బాగా తెలుసు. అది అందులో లేదు.

సరిచేసిన మార్పు తర్వాతి వారం వచ్చింది. అందులోనూ చూడాల్సినవాళ్ళ వరుసలో ఆయన ఈమె పేరు రాశాడు. అది మంచికో, పరీక్షకో మాకు తెలియదు. కాంట్రాక్టు మాట ఆయన ఎత్తలేదు, ఈమె అడగలేదు. నెలాఖరు దగ్గరికొచ్చింది. ఆమె తలుపు వేసుకుని ఆ లైన్లు మళ్ళీ చదువుతోంది. లోపల ఫోన్ మోగినప్పుడల్లా నేను వంటింట్లో పని ఆపి నిలబడుతున్నాను.