ఆంటీ కిటికీ పక్కన పెట్టించిన మిషను

ఆరేళ్లుగా ఈ మాట నాలోనే ఉంది. మా ఆయనకి సగం తెలుసు. మా అమ్మకి ఇంకో సగం తెలుసు. రెండు సగాలూ తెలిసింది నా ఒక్కదానికే. ఇలాంటివి చెప్పుకోవడానికి నాకు ఒకే ఒక్క మనిషి ఉండేవారు. నేను అన్యాయం చేసింది ఆవిడకే. అందుకని ముఖం తెలియని మీతో చెబుతున్నాను.

మాది జార్జియాలో, కమ్మింగ్ దగ్గర. పడమటి ముఖం ఇల్లు. దక్షిణం వైపు పక్కింట్లో ఆంటీ ఉండేవారు. బాపట్ల వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడ నర్సుగా చేస్తున్న మనిషి. భర్త పోయారు, పిల్లలు లేరు. ఆదివారం తెలుగు చర్చి, వారంలో నాలుగు రోజులు నైట్ డ్యూటీ. పొద్దున ఇంటికొచ్చి వెనక గదిలో పడుకుని, మూడింటికి లేచి, కంచె దగ్గరికి వచ్చి "ఏమ్మా, అన్నం తిన్నావా?" అని అడిగేవారు. నాకప్పుడు ఉద్యోగం చేసే వీసా లేదు. కారు మా ఆయన ఆఫీస్‌కి తీసుకెళ్లేవాడు. రోజు మొత్తంలో నాకు ఎదురుగా నిలబడి మాట్లాడే మొదటి మనిషి ఆవిడే. మూడింటికి ఆవిడ వస్తారని నేను జడ వేసుకునేదాన్ని.

నాకు రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి మా ఆయన ఊళ్లో లేడు. నిద్ర మానుకుని నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆంటీ. తిరిగొచ్చాక నా బట్టలు ఉతికి ఆరేసింది కూడా ఆవిడే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారే, అది నా గురించే పుట్టిన మాటేమో.

ఆ వేసవిలో మా ఏసీ చెడిపోయింది. ఎలాగూ మార్చాలి కదా, చలికాలం వెచ్చదనం కూడా ఇచ్చే హీట్ పంప్ పెట్టించుకుందామన్నాడు మా ఆయన. బయట ఉండే పాత మిషను ఇంటి వెనక ఈశాన్య మూలన ఉండేది. అటుపక్క చెట్లే, ఎవరికీ ఇబ్బంది లేదు. ఈ సంగతి ఫోన్‌లో చెబితే అమ్మ వెంటనే వాస్తు చూసే ఆయన్ని వీడియో కాల్‌లోకి తెచ్చింది. ఆయన నన్ను ఫోన్ పట్టుకుని పెరడంతా తిరగమన్నాడు. ఈశాన్యంలో అంత బరువు, పైగా వేడి కక్కే యంత్రం ఉంటే సంతానం ఎలా నిలుస్తుందమ్మా, ఆగ్నేయానికి మార్చండి, అన్నాడు. నేను ఎంసీఏ చదివాను. వాస్తు మాటెత్తితే నవ్వేదాన్ని. కానీ రెండుసార్లు ఖాళీ చేతులతో ఇంటికొచ్చినదాన్ని నవ్వమంటే ఎలా నవ్వుతాను?

మా ఆగ్నేయ మూలకి పది అడుగుల దూరంలో ఆంటీ పడకగది కిటికీ.

నేను చూడలేదనుకోకండి. బిగించడానికి వచ్చిన మనిషి కూడా చూశాడు. కొత్తది పాతదాని కన్నా చప్పుడు తక్కువే చేస్తుంది గానీ ఆగకుండా తిరుగుతుందనీ, రెండు గోడల మధ్య ఆ మోత ఇంకా పెరుగుతుందనీ, పాత చోటే మంచిదనీ రెండుసార్లు చెప్పాడు. విన్నాను. ఇక్కడే పెట్టమన్నాను. కాలనీ సంఘానికి పక్కింటివాళ్ల సంతకం కావాలంటే, డ్యూటీకి బయల్దేరుతున్న ఆంటీని కారు దగ్గర ఆపి కాగితం ఇచ్చాను. "నువ్వు చదివావుగా, చాలు" అని సంతకం పెట్టేశారు.

మూడు నెలలకి నాకు మళ్లీ నెల తప్పింది. అప్పటికే ఆంటీ మూడింటి దాకా పడుకోవడం మానేశారు. ఒకరోజు పన్నెండింటికే కంచె దగ్గరికి వచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏమ్మా, ఆ మిషను కాస్త వెనక్కి జరిపించడం కుదరదా? పగలు కన్ను మూతపడట్లేదు."

"కౌంటీ రూల్ ఆంటీ. వెనక పెట్టడానికి ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోలేదు."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం! ముందే తయారుచేసి పెట్టుకున్నట్టు.

"రూల్ అంటే ఇంకేం చేస్తాంలే. నువ్వు దిగులు పెట్టుకోకు, ఈ టైమ్‌లో మంచిది కాదు. మా చర్చిలో అందరం నీ కోసం ప్రేయర్ చేస్తున్నాం."

ఆవిడ నన్ను ఓదార్చి వెళ్లారు. నన్ను!

కిటికీకి దుప్పటి కట్టారు. చెవుల్లో దూది పెట్టుకున్నారు. ముందు గదిలో సోఫా మీద పడుకుని చూశారు. ఆంటీకి నిద్ర లేదని మా ఆయనకి తెలుసు, వాస్తు సంగతి తెలీదు; అమ్మకి వాస్తు తెలుసు, ఆంటీ కిటికీ సంగతి తెలీదు. నాకు ఏడో నెలలో, డ్యూటీ నుంచి వస్తూ ఆంటీకి స్టీరింగ్ ముందే కునుకు పట్టేసింది. కారు రోడ్డు దిగిపోయింది. ప్రాణానికి ఏమీ కాలేదు గానీ కుడి మణికట్టు విరిగింది. అది సరిగ్గా అతుక్కోలేదు. ఆ చేత్తో ఇక నర్సు పని కుదరదన్నారు. ఇల్లు అమ్మేసి, ఎక్కడో దూరాన అరోరా అనే ఊళ్లో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయారు. అలసట, వయసు, అని అందరికీ చెప్పారు. అలసట ఎందుకు వచ్చిందో అక్కడున్న వాళ్లందరిలో నాకే బాగా తెలుసు. నిజంగా ఆ మిషను వల్లేనా? అన్నేళ్ల నైట్ డ్యూటీ వల్ల కాదా? ఈ ప్రశ్న వేసుకున్నప్పుడల్లా, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నాకు నేనే దొరికిపోతాను.

పాప పుట్టింది. అమ్మ వాస్తు గొప్పదంది. ఆంటీ ఫోన్ చేసి దేవుడికి స్తోత్రం అన్నారు. ఇద్దరికీ అవునన్నాను. ఆ తర్వాత పసిబిడ్డతో ఆ ఇంట్లో పగళ్లు ఎలా గడిచాయో చెప్పలేను. మూడింటికి నా అంతట నేనే కంచె దగ్గరికి వెళ్లేదాన్ని. మిషను తిరుగుతూ ఉండేది. నన్ను ఒంటరిదాన్ని చేసింది ఎవరని ఏడ్వను? ఇప్పటికీ పండగలకి ఆంటీ ఫోన్ చేస్తారు. రెండు మాటలు కాగానే ఫోన్ పాపకి ఇచ్చేసి పక్క గదిలోకి వెళ్లిపోతాను.

గత నెల సర్వీసుకి వచ్చినతను, వెనక అంత చోటుంటే దీన్ని ఈ సందులో ఎందుకు పెట్టారని అడిగాడు. జరపడం ఒక్కరోజు పనేనన్నాడు. లోపల పాప బొమ్మలకి అన్నం పెడుతూ ఏదో మాట్లాడుకుంటోంది. ఆ గొంతు వింటూ, వద్దు, అక్కడే ఉండనివ్వండి, అన్నాను.

అంటే ఈరోజు ఆంటీ వచ్చి మళ్లీ అడిగినా నేను జరపను. అది తెలిశాకే ఇది రాయడానికి కూర్చున్నాను. దిద్దుకోని తప్పుకి క్షమాపణ ఏమని అడుగుతాను? అడగడం లేదు. ఆరేళ్లు నోటి దాకా వచ్చి ఆగిపోయిన మాట ఒక్కటుంది, అది మాత్రం రాస్తాను. కౌంటీ రూల్ ఏదీ లేదు ఆంటీ. అక్కడ పెట్టమన్నది నేను.