ఎడమ చెయ్యెత్తిన పిల్లలు

పద్నాలుగేళ్ళుగా ఒక మాట నా కడుపులో ఉండిపోయింది. నేను దొంగతనం చేయలేదు. ఎవరినీ కొట్టలేదు. ఎవరి కాపురమూ కూల్చలేదు. అందుకే ఇన్నాళ్ళూ దాన్ని తప్పు అనకుండా తప్పించుకోగలిగాను. చిన్నతనం అన్నాను, అందరూ చేసేదే అన్నాను, అసలు జరిగింది గోరంత అయితే నేనే కొండంత చేసుకుంటున్నాను అని కూడా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. తెలిసినవాళ్ళ మొహం చూసి చెప్పే ధైర్యం లేక మీకు చెబుతున్నాను.

నేను టీచర్ని. నంద్యాల పక్కన ఒక ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మంచి టీచర్నని పేరు కూడా ఉంది. ఆ పేరు విన్నప్పుడల్లా తేలు కుట్టిన దొంగలా ఊరుకుంటాను.

నేను బీఎడ్ చదివేనాటికి నంద్యాల ఇంకా జిల్లా కాలేదు. మాది నంద్యాలే, నాన్నకు కిరాణా అంగడి. కాలేజీ ఇంటి నుంచి నడిచి పోయేంత దూరం. అక్కడ కొన్ని నెలలు పుస్తకాలు చదివాక మమ్మల్ని నలభై రోజులు బడులకు పంపారు. చెప్పే ప్రతి పాఠానికీ ముందురోజే పాఠ్య పథకం రాయాలి. చార్టులు గీయాలి, నమూనాలు చేయాలి. తోటివాళ్ళు పాఠం చెబుతుంటే వెనక బెంచీలో కూర్చుని, వాళ్ళ మంచీ చెడూ పరిశీలన రికార్డులో రాయాలి. ఆఖరున బయటి నుంచి పరీక్షాధికారి వస్తాడు. ఆయన ముందు చెప్పేదాన్ని ఫైనల్ లెసన్ అనేవాళ్ళం. సంవత్సరమంతా దానికోసమే బతికినట్టుండేది.

నంద్యాల బడులన్నీ నిండిపోయాయని నన్ను ఆళ్ళగడ్డలో ఒక హైస్కూలుకు వేశారు. నాకు తోడుగా ఇంకొక్కరినే వేశారు. ఆమె పేరు రాయను. నేను పిలిచినట్టే అక్క అంటాను.

అక్క నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. ఆళ్ళగడ్డకు దగ్గర్లోనే వాళ్ళ పల్లె. రైతు ఇంటి కోడలు. డిగ్రీ అవగానే పెళ్ళయింది, ఏడేళ్ళు పొలం పనిలో పడింది, నాలుగేళ్ళ కూతురు ఉంది. ఇంట్లో అందరితో పోట్లాడి బీఎడ్‌లో చేరింది. ఈ ఒక్క సంవత్సరం చూద్దాం, నీకు నమ్మకం కుదిరితే ఉద్యోగానికి చదువు, లేకుంటే మళ్ళీ పొలమే, అన్నాడట భర్త. ఆ మాట నాకు ఆమే చెప్పింది, నవ్వుతూ. నవ్వుతూనే చెప్పింది గానీ ఆ సంవత్సరం ఆమెకు ఎంత ముఖ్యమో నాకు తెలుసు. తెలియదని ఇప్పుడు మీ దగ్గర బొంకలేను.

ఆమె చార్టుల్లో అక్షరాలు వంకరగా ఉండేవి. పాఠ్య పథకం మా సార్లు చెప్పిన పద్ధతిలో ఏనాడూ రాసింది కాదు. కానీ ఆమె తరగతిలోకి పోతే పిల్లలు బెంచీల మీద ముందుకు జరిగి కూర్చునేవాళ్ళు. వాళ్ళ మాటలోనే మాట్లాడేది. తిట్టేది కూడా వాళ్ళ అమ్మలు తిట్టినట్టే తిట్టేది. ఇంటర్వెల్‌లో ఏ తరగతి పిల్లలైనా ఆమె చుట్టూనే. నేను కొత్తచీర కట్టుకుని, థర్మకోల్ నమూనా పట్టుకుని వరండాలో ఒంటరిగా నిలబడేదాన్ని. మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే టిఫిన్ డబ్బా తీస్తే ఆమే పిలిచి, తన జొన్నరొట్టె తుంచి నాకు సగం పెట్టేది. ఆ రొట్టె తింటూనే ఆమెను చూసి ఏడ్చాను. ఏడ్వడమంటే కన్నీళ్ళు కాదు. ఆ ఏడుపు మీకు తెలిసే ఉంటుంది.

ఇక ఫైనల్ లెసన్ సంగతి. మా కాలేజీలో సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారుతూ వచ్చిన ఉపాయం ఒకటుంది. పరీక్షాధికారి వచ్చిన రోజు ఏ ప్రశ్న అడిగినా తరగతి మొత్తం చెయ్యెత్తాలి. జవాబు తెలిసినవాళ్ళు కుడి చెయ్యి, తెలియనివాళ్ళు ఎడమ చెయ్యి. చెప్పేవాళ్ళు కుడిచేతి వాళ్ళనే లేపుతారు. వెనక కూర్చున్న ఆయనకు కనిపించేది మాత్రం చేతుల అడవి. కణం పాఠం కోసం నా ఎనిమిదో తరగతితో నాలుగు రోజులు ఇది సాధన చేయించాను. బడి విడిచాక కూర్చోబెట్టి, చాక్లెట్లు పంచి చేయించాను. బయట ఎవరికీ చెప్పబోమని వాళ్ళచేత మాట తీసుకున్నాను. "వేరే మేడంలకు కూడా చెప్పగూడదు" అన్నాను. శిక్షణకొచ్చిన వేరే మేడం ఆ బడిలో ఎవరుంది, అక్క తప్ప? ఎందుకలా అన్నాను? అప్పటికే నాలో ఏదైనా ఉందా, లేక నోరు జారిందా? ఇన్నేళ్ళుగా తవ్వుకుంటున్నాను, తెలియడం లేదు.

అక్కకు ఈ ఉపాయం తెలియదు. ఆమెకు కాలేజీలో ఆగే తీరిక లేదు, సీనియర్లతో కబుర్లు లేవు. గంట కొట్టగానే కూతురి కోసం పల్లెకు పరుగెత్తేది.

ఆ రోజు ఉదయం హెడ్మాస్టరు మా ఇద్దరినీ పిలిచారు. అక్క తరగతి తొమ్మిది. తొమ్మిదో తరగతి పిల్లలకు ఆ రోజు వైద్య పరీక్షలు పెట్టారట, వాళ్ళు ఖాళీగా లేరు. "ఇద్దరూ ఎనిమిదో తరగతికే చెప్పేయండమ్మా, ఒకరి తర్వాత ఒకరు" అన్నారు. అక్క సరేనంది. ఏ తరగతైనా ఆమెకు ఒకటే.

పరీక్షాధికారి రావడానికి ఇంకా అరగంట ఉంది. ఒక్క ముక్క చెబితే సరిపోయేది. అక్కా, ఎడమ చేతి వాళ్ళను లేపొద్దు. అంతే. లేదా పిల్లల దగ్గరికి పోయి, అక్క పాఠానికి మాత్రం ఈ ఆట వద్దు అంటే సరిపోయేది. ముందు నా నమూనాకు రంగు కాగితం ఊడింది, అది అతికించుకుంటూ కూర్చున్నాను. చెబితే అక్క ఊరుకోదనుకున్నాను. ముక్కుసూటి మనిషి, ఇదేం దొంగాట అని అందరి ముందూ అంటే నా గతేమిటి? ఇది భయం. ఇది నిజమే. కానీ భయం కింద ఇంకొకటి ఉంది. ఇవాళైనా చూద్దాం, ఈమెకు పిల్లలు ఎలా పలుకుతారో, అని ఒక మూల అనుకున్నాను. అది కూడా నిజమే.

నా పాఠం బ్రహ్మాండంగా జరిగింది. చేతుల అడవి లేచింది. కుడి చేతులు చూసి లేపాను, టకటకా జవాబులు వచ్చాయి. పరీక్షాధికారి తలాడిస్తూ రాసుకున్నాడు.

తర్వాత అక్క. ఆమె తన పొలంలోంచి శనగ మొక్కల్ని వేళ్ళతో సహా పెకలించి, తడి గోనెసంచిలో చుట్టి తెచ్చింది. వేళ్ళకు నల్లమట్టి ఇంకా అంటుకునే ఉంది. బెంచీకొక మొక్క ఇచ్చి, వేళ్ళ మీద బుడిపెలు వెతకమంది. ఆ బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఎట్లా అందిస్తాయో, శనగ వేసిన చేనుకు మరుసటి ఏడు ఎరువు ఎందుకు తగ్గుతుందో చెప్పింది. పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు. పరీక్షాధికారి కూడా లేచి వచ్చి ఒక వేరు చేతిలోకి తీసుకుని చూశాడు. నేను పిల్లలందరి వెనక, గోడకు ఆనుకున్న బెంచీలో ఉన్నాను. అంత మంచి పాఠం నేను అంతకుముందు వినలేదు. ఆ తర్వాత చెప్పనూ లేదు.

అప్పుడు ఆమె ప్రశ్నలు మొదలుపెట్టింది. తరగతంతా చేతులెత్తింది. అక్క మొహం ఎంత వెలిగిందో! నా వైపు ఒక్క క్షణం చూసి కళ్ళతోనే నవ్వింది. ఆమెకు ఒక అలవాటుంది. ముందు బెంచీల వాళ్ళను ఎవరైనా అడుగుతారని, ఎప్పుడూ వెనకవాళ్ళనే అడిగేది. వెనక బెంచీలో ఒక అమ్మాయిని లేపింది. ఆ అమ్మాయి ఎత్తింది ఎడమ చెయ్యి. లేచి నిలబడి, తలొంచుకుని ఊరుకుంది. పక్కమ్మాయిని లేపింది. ఎడమ చెయ్యే. ఆ ముందు బెంచీలో ఒకణ్ణి. వాడూ అంతే. అక్క ప్రశ్నను మార్చి సులువు చేసింది. మళ్ళీ చేతులు లేచాయి, మళ్ళీ వెనకవాళ్ళనే ఎంచుకుంది, మళ్ళీ మౌనం. పిల్లలు చెయ్యెత్తి మరీ ఎందుకు మూగబోతున్నారో ఆమెకు అర్థం కావడం లేదు. సుద్దముక్క కింద పడింది. నిలబడ్డ మొదటి అమ్మాయి ఒకసారి వెనక్కి తిరిగి నా వైపు చూసింది. చెప్పమంటారా మేడం, అన్నట్టు. నేను రికార్డులోకి తల దించుకున్నాను. ఆ పిల్లలు నాకిచ్చిన మాట నిలబెట్టుకున్నారు.

"చాలమ్మా, కూర్చోండి" అన్నాడు పరీక్షాధికారి, జాలిగా.

నా ఒళ్ళో ఉన్న పరిశీలన రికార్డు నింపాలి. నింపాను. "ప్రశ్నించే నైపుణ్యం కొరవడింది. విద్యార్థుల నుంచి స్పందన రాబట్టలేకపోయారు." నా దస్తూరి ముత్యాల్లా ఉంటుంది.

సాయంత్రం ఆళ్ళగడ్డ బస్టాండులో నా నంద్యాల బస్సు కోసం నిలబడ్డాం. ఆమె తన పల్లె ఆటో ఎక్కకుండా నాకోసం ఆగింది. ఎప్పట్లాగే నన్ను మే అంటూ అడిగింది.

"ఏం జరిగింది మే? అంతమంది చేతులెత్తిరి. లేపితే ఒక్కరూ నోరు తెరవకపాయిరి. నువ్వు ఎనక కూచోనుంటివి గదా. యాడ చెడిందో చెప్పు."

అదిగో, అప్పుడైనా చెప్పొచ్చు. పరీక్ష అయిపోయింది. నాకొచ్చే నష్టమేమీ లేదు.

"నీ ప్రశ్నలు వాళ్ళకు అందలేదక్కా. బెదిరినట్టుండారు" అన్నాను.

"ఇంటర్వెల్లో ఇదే పిల్లోళ్ళు నాతో ఎంత మాట్లాడతాండిరి!"

"మాట్లాడేది వేరు, పాఠం చెప్పేది వేరు. చదువు ఎంతైనా ఉండనీ, చెప్పేది అందరికీ రాదులే అక్కా."

ఓదార్చినట్టే అన్నాను. భుజం మీద చెయ్యి కూడా వేశాను.

ఆమె ఏడవలేదు. "అంతేలే" అంది. "నీకొచ్చింది. బాగుండు."

అక్క పరీక్ష తప్పలేదు. బొటాబొటి మార్కులతో పాసైంది, సర్టిఫికెట్ వచ్చింది. ఏ పరీక్షాధికారీ ఆమెను ఆపలేదు. టీచరు పోస్టులు పడ్డప్పుడు నేను ఫోన్ చేసి దరఖాస్తు పెట్టమన్నాను. చూశారా, అంత మంచిదాన్ని. "నాకెందుకులే మే, పిల్లోళ్ళు నా మొగం జూస్తే నోరు తెరవరు" అని నవ్వేసింది. పెట్టలేదు. నాకు ఉద్యోగం వచ్చింది. ఆమె పొలానికి వెళ్ళింది.

ఆ తర్వాత నాకు స్నేహితురాలంటూ ఎవరూ కుదరలేదు. స్టాఫ్ రూములో ఎవరైనా డబ్బా తెరిచి తినమంటే ఆకలి లేదంటాను. ఎవరైనా నన్ను నమ్మితే భయం వేస్తుంది. ఈ ఒంటరితనం నాకు ఎవరో వేసిన శిక్ష కాదు. నేనే మెల్లగా అలవాటు చేసుకున్నాను. శిక్ష అనుకుంటే కాస్త గొప్పగా ఉంటుందని ఆ పేరు పెట్టుకున్నానేమో కూడా.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పది రోజుల కింద అక్క ఫోన్ చేసింది. కూతురికి పద్దెనిమిదేళ్ళు, ఇంటర్ అయింది. "టీచరు ట్రైనింగు పోతానని కూచోనుంది. మనింటికి రాదు ఆ విద్య, నా మాదిరే పదిమందిలో నవ్వులపాలయితావని చెప్తాండా, ఇనదు. నువ్వు చెప్పు మే. నీ మాటయితే ఇంటాది" అంది. అని ఫోన్ కూతురి చేతికిచ్చింది.

ఆ పిల్ల తల్లికి వినపడకుండా పక్కకు జరిగినట్టుంది. గొంతు తగ్గించి అడిగింది. "మేడం, మా అమ్మకు నిజంగానే పాఠం చెప్పడం రాలేదా?"

నేను మళ్ళీ తప్పించుకున్నాను. బస్సులో ఉన్నాను, తర్వాత మాట్లాడతానమ్మా అన్నాను. నేను మా ఇంట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాను.

ఈ పది రోజుల్లో ఆ నంబరు ఎన్నిసార్లు తీశానో. ఒక్కసారీ నొక్కలేదు. ఇది రాశాక నొక్కుతానా? తెలియదు. నొక్కుతానని రాసి మీ దగ్గర మంచి అనిపించుకోవాలని లేదు. అక్క క్షమిస్తుందని కూడా అనుకోవడం లేదు. క్షమించినా, పోయిన ఆ పద్నాలుగేళ్ళ తరగతులు ఆమెకు ఎవరు తెచ్చిస్తారు? కానీ ఆ పిల్ల అడిగిన దానికి జవాబు ఒకటుంది. దాన్ని ఇంతవరకూ నోటితో గానీ చేతితో గానీ బయటపెట్టలేదు. ఇక్కడైనా పెడుతున్నాను. ఇది రాస్తుంటే ఎన్నాళ్ళకో ఊపిరి కింది దాకా అందుతోంది.

వచ్చు తల్లీ. మీ అమ్మకు బాగా వచ్చు. చెడగొట్టింది నేను.